మేడ మీది చేపల నీళ్లు

మా మేడ మీది వాటాలోకి ఆ సార్ అద్దెకు దిగిన రోజు సామాను ట్రాలీ ముందు వచ్చింది, ఆయన వెనకాల ఆటోలో వచ్చారు. ఆటోలో ఆయన పక్కన సీటు నిండా గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు. ఒక్కో సంచిలో ఒక్కో చేప. ఒకటి పసుపుది, ఒకటి ఎర్రది, మిగిలినవి నీలం చారలవి. అన్నీ అరచేతి వెడల్పున పళ్లేల్లా గుండ్రంగా ఉన్నాయి. గుంతలొచ్చినప్పుడల్లా మెల్లగా పోనిమ్మని డ్రైవర్‌ను దారి పొడుగునా బతిమాలుకుంటూ వచ్చారట. మంచం బిగించక ముందే, పొయ్యి పెట్టుకోక ముందే ఆయన గాజు తొట్టిని నిలబెట్టించారు.

ఆయన ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. బీదర్ వైపువారు. ఇంటి భాష కన్నడం, మాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవారు. భార్య పోయి కొన్నేళ్లయింది. ఒక్కతే కూతురు, పుణెలో ఉద్యోగం. మా సంగతంటారా, మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు, నేను కింది వాటా ముందుగదిలో మిషన్ వేసుకుని బ్లౌజులు కుడతాను. పిల్లల చదువులు హాస్టళ్లలో. కాబట్టి ఇంట్లో పగలంతా ఉండేది నేనొక్కదాన్నే, మేడ మీద ఆయనొక్కరే.

మొదటి నెలల్లో ఆయనంటే నాకు కొంచెం విసుగు ఉండేది. కారణం ఆ చేపలు కాదు, వాటి నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పన కావు గాని చాలా గట్టివి. పప్పు ఒక పట్టాన ఉడకదు, నీళ్లు కాచే గిన్నె అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది, నల్లా మూతులు ఏడాదికే బిగుసుకుపోతాయి. ఆ చేపలు ఎక్కడో వాననీళ్లలాంటి మెత్తటి నీళ్లుండే నదుల్లో పుట్టిన జాతివట. మా నీళ్లు వాటికి పనికిరావు. అందుకని ఆయన డాబా మీద బట్టలుతికే బండ పక్కన గోడకు ఒక ఫిల్టర్ బిగించుకున్నారు. ఒక చిన్న మోటారు, మూడు పొడుగాటి జార్లు, వాటి మీద అడ్డంగా తెల్లటి గొట్టం. ఆ గొట్టంలో మెంబ్రేన్ అనే పొర ఉంటుందని, నీళ్లలో కరిగిన ఉప్పును, సున్నాన్ని అదే ఆపుతుందని చెప్పారు. ఒక బకెట్టు మంచి నీళ్లు వచ్చేలోపు రెండు బకెట్లకు పైగా పనికిరాని నీళ్లు ఇంకో పైపులోంచి కారిపోయేవి. మనుషులం క్యాన్లు కొనుక్కుని తాగుతుంటే చేపలకు ఇంత సోకా అని మా ఆయనతో గొణిగాను. ఆ మాట ఎట్లా తెలిసిందో గాని, మర్నాటికల్లా సార్ కారిపోయే నీళ్లకు ఒక పైపు వేయించి కింద మా డ్రమ్ములోకి దించారు. ఆ నీళ్లతో బట్టలకు నురగ రాదు, వాకిలి కడిగితే మాత్రం చక్కగా పనికొచ్చేవి. అప్పటినుంచి నేను నోరెత్తలేదు.

ఆ తరవాత మెల్లగా అలవాటయింది. మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆరేసిన బట్టలు తీయడానికి పైకి పోతే ఆయన తలుపు తెరిచి ఉండేది. ఒక నిమిషం నిలబడి చూసేదాన్ని. ఆ చేపలు తొందరపడవు. గాజు దగ్గరికి వచ్చి మనల్ని చూస్తాయి, మళ్లీ వెనక్కి జరుగుతాయి. హైవే మీద లారీల మోత పగలంతా వినబడే ఇంట్లో ఆ ఒక్క గదిలోనే ఏదో నెమ్మది ఉన్నట్టు తోచేది.

ఎండాకాలం మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆయన మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయారు. ముఖమంతా చెమట. మా ఆయన షిఫ్టుకు పోబోతూ చూసి, ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ చూసినవాళ్లు హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. హైదరాబాద్‌లో పరీక్షలు చేసి గుండెకు బైపాస్ చేయాలన్నారు. కూతురు పుణె నుంచి నేరుగా అక్కడికి వచ్చేసింది. ఆపరేషన్‌కు ముందు షుగర్ దింపాలని, దానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పి, బట్టలూ కాగితాలూ తెచ్చుకోవడానికి ఆయనను ఒక పూట ఇంటికి పంపించారు. కారు వాకిట్లో ఆగి ఉంది. కూతురు సంచి సర్దుతోంది. ఆయన తొట్టి ముందు కుర్చీలో కూర్చుని నన్ను పైకి రమ్మని కబురు చేశారు.

పెన్నులాంటి మీటరొకటి నా చేతిలో పెట్టారు. దాన్ని నీళ్లలో ముంచితే నీళ్లలో ఎంత కరిగి ఉందో అంకె చూపిస్తుంది. మా బోరు నీళ్లలో ముంచి చూపించారు, ఎనిమిది వందల దాకా పోయింది. ఫిల్టర్ నీళ్లలో ముంచారు, నలభై కూడా లేదు.

"అమ్మా, మీరు చేపలను చూడకుండ్రి, నీళ్లను చూడుండ్రి," అన్నారు. "నీళ్లు మంచిగుంటె అవే మంచిగుంటయ్. ఉత్త ఫిల్టర్ నీళ్లు గూడ పొయ్యొద్దు. అండ్ల ఏముండదు, చేపకు బలముండదు. ఆరు మగ్గుల ఫిల్టర్ నీళ్లకు ఒక్క మగ్గు బోరు నీళ్లు కలపుండ్రి. తొట్టిల నీళ్లు జర జర తియ్యాలె, జర జర పొయ్యాలె. ఒక్కసారే అన్ని మార్చొద్దు."

నేను అన్నింటికీ తలూపాను. కాని నా మనసు నీళ్ల మీద లేదు. వాకిట్లో ఆగి ఉన్న కారు మీదే ఉంది. ఫికర్ చెయ్యొద్దు సార్, మీరు వచ్చేదాకా అన్నీ ఉంటాయి అని అనేశాను. అన్నాక గాని తెలియలేదు, ఎంత పెద్ద మాట అన్నానో. మెట్లు దిగి కారెక్కేటప్పుడు ఆయన వెనక్కి చూడలేదు.

కొద్ది రోజులు అంతా సవ్యంగా జరిగింది. పొద్దున్నే మోటారు వేసేదాన్ని, మగ్గులు కొలిచి టబ్బులో కలిపేదాన్ని, మీటరు ముంచేదాన్ని. ఫిల్టర్ నీళ్ల అంకె నలభై దగ్గరే ఉండేది. సాయంత్రం కూతురు ఫోన్ చేసి షుగర్ ఎంతుందో చెప్పేది, నేను చేపలు తింటున్నాయని చెప్పేదాన్ని. రెండు వైపులా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండటం బాగుండేది.

తరవాత బోరు తగ్గింది. మా వీధిలో ప్రతి ఎండాకాలం జరిగేదే. మోటారు కొద్దిసేపు నీళ్లు పోసి గాలి కొడుతుంది. ఎప్పటిలాగే మా ఆయన మునిసిపాలిటీ నల్లా పైపును వాకిట్లో నేల కింద ఉన్న సంపులోకి కలిపాడు. బోరు నీళ్లూ నల్లా నీళ్లూ అక్కడ కలిసి డాబా మీది ట్యాంకుకు ఎక్కుతాయి. మనకు ఏ తేడా తెలియదు. నిజానికి గిన్నెలకు పెచ్చు తక్కువ కడుతుందని నాకు సంతోషం కూడా.

ఫిల్టర్ అంకె మెల్లగా పెరగడం మొదలైంది. నలభై ఉండేది అరవై, తరవాత తొంభై, ఒక పొద్దున నూటయాభై. ఎండకు మీటరు పాడైందేమో అనుకుని తాగే క్యాన్ నీళ్లలో ముంచి చూశాను, అక్కడ సరిగానే చూపించింది. ఆ వారంలోనే చేపల తీరు మారింది. నీలం చారలవి నల్లబడి మూలకు చేరాయి. పసుపుది పైకి వచ్చి నీటి అంచున నోరు తెరిచి మూస్తూ నిలబడింది. వేసిన మేత అలాగే కిందికి పోయింది. మర్నాడూ అంతే.

కూతురితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల ఆపరేషన్ రోజు ఖాయమైందని, అప్పటిదాకా నాన్నకు చెప్పవద్దని అడిగింది. తనకు ఈ ఫిల్టర్ల సంగతి ఏమీ తెలియదని, నాకు ఏది మంచిదనిపిస్తే అది చేయమని అంది. ఫోన్ పెట్టేశాక మిషన్ ముందు కూర్చున్నాను గాని సూదిలో దారం ఎక్కించలేకపోయాను. నాకు శకునాల పట్టింపు లేదు. అయినా ఆ చేపల్లో ఒకటి తేలితే హైదరాబాద్‌లో ఉన్న మనిషికి ఏదో అవుతుందన్న భయం పట్టుకుంది. అది తప్పని తెలుసు. తెలిసినా పోలేదు.

ఆ సాయంత్రం బకెట్టు మీద వంగి నీళ్లు కలుపుతుంటే వాసన తగిలింది. సన్నగా, స్కూలు బాత్రూముల్లో వచ్చేలాంటి వాసన. బ్లీచింగ్. సంపు దగ్గరికి పోయి చూశాను, అక్కడ అదే వాసన ఇంకా గాఢంగా ఉంది. నల్లా నీళ్లలో మందు కలుపుతారు, అది మామూలే, మనుషులకు అది మేలే. కాని ఫిల్టర్‌లోంచి వచ్చిన నీళ్లలో ఆ వాసన ఎందుకుండాలి?

మర్నాడు బీదర్ రోడ్డు మీద ఫిల్టర్లు అమ్మే దుకాణానికి మా ఆయనా నేనూ పోయాం. దుకాణం యజమాని నడివయసు మనిషి, ఫిల్టర్లు తనే బిగిస్తాడు కూడా. ముందు మాకు గోడకు తగిలించిన మెరిసే డబ్బాలన్నీ చూపించాడు. నీలం లైటు వెలిగేది, నీళ్లలో మళ్లీ ఖనిజాలు కలిపేది, రుచి పెంచేది. మా ఆయనకు ఒకటి బాగా నచ్చింది. ఇదే తీసుకుని పైన పెడదాం, చేపలకూ అవుతుంది, మనమూ తాగొచ్చు అన్నాడు. నాకు ఊరికే భయం వేసింది. ఆ డబ్బా లోపల ఏ నీళ్లలో ఏం కలుస్తుందో కనబడదు. చేపలకు రుచితో పని లేదు. పొరలోంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే కావాలి, ఎంత కలపాలో మనమే కలుపుకోవాలి.

దుకాణం ఆయనకు విషయమంతా మొదటినుంచి చెప్పాను. బోరు తగ్గిన సంగతి, నల్లా నీళ్లు, వాసన, అంకె. చేపలకని తెలిసి మొదట నవ్వాడు గాని, వాసన మాట వినగానే నవ్వు ఆపాడు.

"ఉత్త బోరు నీళ్లున్నన్ని దినాలు మీ ఫిల్టర్ మంచిగనే నడిచింది," అన్నాడు. "నల్లా నీళ్లు కలిసినంక ఖరాబైంది. నడుమ జార్ల బొగ్గుంటది, బ్లీచింగ్‌ను అది గుంజుకోవాలె. మీ బొగ్గు అయిపోయినట్టుంది. బొగ్గు అయిపోతె బ్లీచింగ్ సీదా పోయి పొరను తింటది. పొర పోతె ఉప్పు ఆగదు."

అప్పుడు నాకు అన్నీ వరసగా అర్థమయ్యాయి. చేపలు నోరు తెరిచింది సున్నం వల్ల కాదు, బ్లీచింగ్ వల్ల. పైగా నేను కలిపే ఆ ఒక్క మగ్గు బోరు నీళ్లు కూడా ఇప్పుడు బోరువి కావు, సంపువి. ఆరోగ్యానికని నేనే రోజూ మగ్గుతో మందు పోస్తున్నాను.

దుకాణం నుంచి డబ్బా కొనకుండానే వచ్చాం. దుకాణం ఆయనే సాయంత్రం వచ్చి పాత ఫిల్టర్ విప్పాడు. మోటారు గట్టిగానే ఉంది, గోడ పట్టీ బాగుంది. పొర గొట్టంలోంచి తీస్తే జిగటగా ఉంది. మొత్తం కొత్తది తీసుకోమని ఆయన ఒకసారి అన్నాడు. నేను ఆలోచించుకుని మోటారు ఉంచమన్నాను, కొత్త పొర వేయమన్నాను. జార్లు మాత్రం లోపల కనబడే గాజులాంటివి కావాలని, మట్టి పట్టే జారు తరవాత బొగ్గు జార్లు రెండు వరసగా ఉండాలని అడిగాను. ఒక బొగ్గు అలిసిపోయినా రెండోది కాస్తుంది కదా అని. పొరను కడిగే చిన్న కవాటం ఒకటి ఆయనే సలహా ఇచ్చాడు, రోజూ కాసేపు తిప్పితే సున్నం పేరుకోదని. మా ఆయన పక్కన నిలబడి స్పానర్లు అందిస్తూ, నల్లా పైపు తను కలపకపోతే ఇదంతా జరిగేది కాదు కదా అన్నాడు. నీళ్లు లేకపోతే మనమే ఉండేవాళ్లం కాదు అన్నాను.

కొత్త పొరలోంచి మొదట వచ్చే నీళ్లు పారబోయాలన్నాడు దుకాణం ఆయన, దాన్ని పాడుకాకుండా ఉంచడానికి ఏదో మందు పట్టించి ఉంటారట. అంతవరకు చేపలకు ఏం పోయాలి? సంపు నీళ్లే వెడల్పు టబ్బులో పోసి, గాలి బుడగల మోటారు వేసి ఎండలో వదిలేయమన్నాడు. బ్లీచింగ్ గాలికి పోతుంది. కలపడానికి బోరు నీళ్లు సంపులోకి పోకముందే, పొద్దున పైపు మొదట్లో ఒక బిందెడు పట్టి పెట్టుకొమ్మన్నాడు.

ఆపరేషన్ రోజు కింద ఉండలేకపోయాను. వంట చేసి, తినకుండా పైకి పోయాను. కొత్త పొర నీళ్లు పారబోస్తూ, డాబా కడుగుతూ, ఆయన గది ఊడుస్తూ ఫోన్‌ను కిటికీలో పెట్టుకున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మా ఆయన రెండుసార్లు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశాడు, ఏమైనా తెలిసిందా అని. మధ్యాహ్నం దాటాక కూతురు చేసింది. ఆపరేషన్ బాగా జరిగిందని, ఐసీయూలో ఉన్నారని, డాక్టర్లు భయం లేదన్నారని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. నేను తడి నేల మీదే కూర్చుండిపోయాను. చీర తడిసింది కూడా తెలియలేదు.

తొట్టిలో నీళ్లు కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చాను. ఫిల్టర్ అంకె ఇరవైకి దిగింది. నీళ్లకు వాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. ముందు నీలం చారల చేపల నలుపు విడిచింది. తరవాత ఎర్రది మూలలోంచి బయటికి వచ్చింది. పసుపుది మాత్రం అట్లాగే పైన నిలబడి ఉండేది. మేత నోటి ముందే రాలినా ముట్టేది కాదు. తొట్టి ముందు కూర్చుని దానితో మాట్లాడాను కూడా. ఎవరైనా వింటే నవ్వుదురు.

అటు హైదరాబాద్‌లో కూడా ఇబ్బందిగానే ఉంది. సార్‌ను వార్డులోకి మార్చారు గాని ఆయన ఏమీ తినడం లేదని కూతురు దిగులు పడింది. జావ రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేస్తున్నారట, నర్సులు కోప్పడుతున్నారట. చేపల సంగతి అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు ఆంటీ అని అడిగింది. ఇంకొక్క పూట ఆగమ్మా అన్నాను.

మర్నాటి ఉదయం నేను మేత వేసి కావాలనే అటు తిరిగి నిలబడ్డాను. చూస్తే తినదేమో అన్నట్టు. తిరిగి చూసేసరికి పసుపు చేప నడి తొట్టిలోకి దిగింది. మేత ముక్కను నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది, మళ్లీ తీసుకుంది. ఈసారి ఉమ్మలేదు. వెంటనే నేనే ఫోన్ చేశాను. కూతురు ఫోన్‌ను నాన్న చెవి దగ్గర పెట్టింది.

ఆయన గొంతు చాలా సన్నగా ఉంది. ముందు అడిగింది అంకె.

"ఇరవై సార్," అన్నాను. తరవాత ఏదీ దాచకుండా చెప్పాను. బోరు తగ్గడం, వాసన, పొర పోవడం, కొత్త జార్లు, చేపలు నల్లబడటం అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. అవతల వార్డులో ఏదో మిషన్ కూత వినిపిస్తోంది.

"పసుపుది తింటున్నదా?"

"ఇప్పుడే తిన్నది సార్. నా కండ్ల ముంగట్నే తిన్నది."

తరవాత కూతురిని ఏదో కన్నడంలో అడిగారు. మళ్లీ నాతో, "అయితె నేను గూడ జర తింట అమ్మా," అన్నారు.

ఆ రోజు గిన్నెలో సగానికి పైగా జావ తాగారని సాయంత్రం కూతురు ఫోన్ చేసి చెప్పింది. నవ్వుతూ చెప్పింది. ఆ పిల్ల నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

ఆయన వచ్చేసరికి వానలు మొదలయ్యాయి, బోరు మళ్లీ పుంజుకుంది. కొన్నాళ్లు మెట్లెక్కవద్దన్నారు కనుక మా ముందుగదిలోనే మంచం వేశాం. నేను మిషన్ కొంచెం పక్కకు జరుపుకున్నాను. కూతురు నెల రోజులు ఇంటినుంచే పనిచేస్తూ ఆయన దగ్గర ఉంది. నేను రోజూ పైకి పోయి ఫోన్‌లో వీడియో పెడితే ఆయన మంచం మీదినుంచి చూసేవారు. జారు రంగు మారిందా చూపించమనేవారు. మట్టి జారు ఎర్రబడితే మార్చేశాను. బొగ్గు జార్ల మీద మార్చిన నెల పేరు స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను. అది నా ఆలోచనే. ఆయనకు నచ్చింది.

డాక్టర్లు సరేనన్న రోజున ఆయన పైకి ఎక్కారు. ఒక పక్క కూతురు, వెనక మా ఆయన. మధ్యలో రెండుసార్లు ఆగారు గాని కూర్చోలేదు. తొట్టి ముందు కుర్చీ వేసి ఉంచాను. ఆయన కూర్చోగానే చేపలన్నీ గాజు దగ్గరికి వచ్చాయి. మేత కోసమే వచ్చాయని నాకు తెలుసు, నేనూ రోజూ అట్లా కూర్చుంటే వచ్చేవి. ఆ మాట ఆయనతో అనలేదు. ఆయన చాలాసేపు వాటినే చూశారు. చివరికి, "బరువెక్కినయ్ గదా," అన్నారు. కొంచెం ఎక్కువే పెట్టాను సార్ అన్నాను. కూతురు నవ్వింది. మా ఆయన కొత్త జార్లు చూపించడానికి ఆయనను మెల్లగా డాబా మీదికి తీసుకుపోయి, ఏ స్పానర్ తను పట్టుకున్నాడో కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం పైనుంచి కన్నడ వార్తలు పెద్దగా వినిపించాయి. ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. మిషన్‌ను మళ్లీ కిటికీ దగ్గరికి జరుపుకుని, ఎండాకాలం నుంచి పడి ఉన్న బ్లౌజుల మూట విప్పి, ఆ వార్తలు వింటూనే ఒకదాని తరవాత ఒకటి కుడుతూ కూర్చున్నాను.